సాయిలు పేరిట సాక

ఏడాదిపాటు నాకు ఒకటే కోరిక. రాజారావు అనే పెద్దమనిషి ఏ మైకులో మా నాన్నని పేరు లేనివాణ్ణి చేశాడో, అదే మైకులో, అదే నోటితో మా నాన్న పేరు మర్యాదగా పలికించాలి. పూజలు చేసేవాళ్ళు పూజలు చేస్తారు, నేను పగ పెంచుకున్నాను. పగకి కూడా రోజూ దీపం పెట్టాలి, ఒక్కరోజు మరిచిపోతే ఆరిపోతుంది. నేను మరవలేదు.

నా పేరు నాగేశ్వరి. న్యూకాసిల్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని, ఇరవై ఏళ్ళ సర్వీసు. మాది జనగామ అవతల ఒక పల్లె. మా నాన్న తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. నడుముకి ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, ఆ రెండింటి మీద ప్రాణం. ఎడమచేతి వాటం మనిషి. గీత ఏ వైపు వాలి ఉందో చూసి అది మా నాన్న చెట్టని ఊళ్ళో ఎవరైనా చెప్పేవాళ్ళు. నేను పదో తరగతిలో ఉండగా వానకి తడిసిన తాటిచెట్టు మీంచి జారిపడి పోయాడు. ఆ చెట్టు మాది కాదు, తోపూ మాది కాదు. అది ఊరి దొరది. ఆ దొర మనవడే ఈ రాజారావు.

ఇక్కడి బర్చ్ చెట్ల సంగతి నాకు మార్గరెట్ వల్ల తెలిసింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ, తుంటి ఎముక విరిగి మా వార్డులో ఆరు వారాలుంది. ఇంటికి వెళ్ళాక ఒకరోజు టీకి రమ్మంది. హెక్సమ్ దాటాక ఊరి బయట ఇల్లు. ఇంటి వెనక చిన్న అడవి, అందులో తెల్లటి బెరడు కట్టుకున్న బర్చ్ చెట్లు. అవి మార్చి మొదటి రోజులు. ఎవరో ఒక కొమ్మ కొట్టేస్తే, కొట్టిన చోట టపటపా నీళ్ళు కారుతున్నాయి. వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాను. నీళ్ళే, కాని చివర్న ఎక్కడో సన్నగా తీపి. ఒళ్ళు ఝల్లుమంది. కారే చెట్టుని చూసి ఊరుకోవడం మా వంశంలో లేదు.

నీళ్ళు పట్టుకోవచ్చా అని అడిగాను. మార్గరెట్ నవ్వింది. వాళ్ళ నాయనమ్మ కూడా ఈ నీళ్ళతో వైన్ చేసేదట. కావలసినన్ని చెట్లు తీసుకోమంది.

నేను పన్నెండు తీసుకున్నాను. తాటిచెట్టు విద్య ఈ చెట్టుకి సగమే పనికొస్తుందని నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తాడిని రోజూ గియ్యాలి, గీసినకొద్దీ ఇస్తుంది. బర్చ్‌ని గియ్యనే కూడదు. చెట్టుకి ఒకటే రంధ్రం, చిటికెనవేలంత లావు, రెండంగుళాల లోతు. అందులో గొట్టం బిగించి, కింద డబ్బాలోకి సన్నటి ట్యూబు దించాలి. ఇరవై ఏళ్ళు మనుషులకి సెలైన్ ఎక్కించిన చేతులు నావి, చెట్టు నుంచి దించడం పెద్ద కష్టం కాలేదు. ఆకు మొగ్గ విచ్చుకోబోతుండగా ఆపెయ్యాలి, ఆ తర్వాత వచ్చేవి చేదు నీళ్ళు. ఆపాక రంధ్రంలో కర్ర మేకు కొట్టాలి. మొత్తం మూడు వారాల పని. తాటి నీరా ఏడెనిమిది లీటర్లు కాస్తే కిలో బెల్లం వస్తుంది. ఇది వంద లీటర్లు కాస్తే లీటరు పాకం. ఆ పాకం ఎంత కాచినా బెల్లంలా గడ్డకట్టదు, ఇంకా కాస్తే మాడుతుంది. నల్లగా, చిక్కగా, చెరుకు పానకానికీ చింతపండుకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది దాని రుచి.

పచ్చి నీళ్ళతో చారు పెట్టాను, అన్నం వండాను. ఎండుద్రాక్ష, నిమ్మతొక్క వేసి నాలుగు రోజులు మూత వదులుగా ఉంచితే నురగ తేలి పుల్లగా తయారయ్యేది. మా ఆయన మనోజ్ ఒక గ్లాసు తాగి, "మీ నాయినుంటే ఇంకో గిలాస అడిగెటోడు" అన్నాడు. మూడో ఏడు, అంటే పోయిన ఏడు, ఆ పాకంతో ఉగాది పచ్చడి చెయ్యాలనిపించింది. ఉగాదీ, బర్చ్ నీళ్ళూ ఒకే రోజుల్లో వస్తాయి. మన పండక్కి ఈ దేశపు చెట్టు ఇచ్చిన తీపి అని తెగ మురిసిపోయాను. నా మురిపెం చెప్పుతో కొట్టాల్సింది.

మా తెలుగు సంఘం ఉగాది ఒక చర్చి హాలులో చేస్తుంది. రాజారావు సంఘానికి అధ్యక్షుడు. అరవై దాటాయి, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, పిల్లలందరికీ అంకుల్. రెండు వందల మందికి సరిపడా పచ్చడి తీసుకెళ్ళాను. అడిగి మరీ రెండో కప్పు తిన్నారు. ఈ తీపేమిటో కొత్తగా ఉందని రాజారావు నన్ను మైకు దగ్గరికి పిలిచాడు. నేను సంబరంగా మార్గరెట్ పేరు, చెట్లున్న చోటు, అంతా చెప్పాను.

"నీకెట్ల వచ్చిందమ్మ ఈ విద్య?"

"మా నాయిన తాళ్ళెక్కేటోడు సార్." ఊరి పేరు కూడా చెప్పాను.

"అరె, మాది గూడ గదే ఊరు!" అని హాలంతా వినేట్టు నవ్వాడు. "మా తాత తోపుల గీసినోళ్ళే అయ్యుంటరు మీ నాయినోళ్ళు. ఏం పేరో యాదికొస్తలేదు, చానా మందుండిరి. సూడుండ్రి, విమానమెక్కొచ్చినా గీసే చెయ్యి ఊకుంటదా? పచ్చడి తిన్నోళ్ళు కారు నడపకుండ్రి, పోలీసోళ్ళు పడ్తరు!"

హాలు గొల్లుమంది. నవ్వితే నవ్వారు, నవ్వుకి నేను చచ్చిపోను. ఆ తర్వాత రాజారావు భార్య ప్రభావతి, దేవుడి ముందు పెట్టిన నా గిన్నెని మెల్లగా తీసి బల్ల కింద పెట్టింది. కొట్టు బెల్లంతో ఇంకో గిన్నె కలిపించింది. సగం తిన్న కప్పులు కొందరు గోడ పక్కన పెట్టేశారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ తాటిచెట్టు కూడా లేదు. తాళ్ళెక్కేవాడి కూతురుంది, అది చాలింది.

మా అమ్మాయి లాస్య కప్పు పట్టుకుని నిలబడి ఉంది, ఎడమచేత్తో చెంచా. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. నలుగురిలో అది ఎడమచేత్తో తింటే నాకు ఒళ్ళుమంట. చిన్నప్పటి నుంచి ఆ చేతి మీద కొట్టి కొట్టి మార్పించాలని చూశాను, మారలేదు. "కుడిచెయ్యి" అని కసిరాను, కోపం ఎవరో ఒకరి మీద తీరాలి కదా. అది కదల్లేదు. "తాత రైతు అన్నావు కదా, మ్యామ్" అంది ఇంగ్లీషులో. ఇక్కడి పిల్లలు అమ్మని అలాగే పిలుస్తారు. ఆ అబద్ధం నాదే. దాని స్కూలు ప్రాజెక్టు కోసం ఒకసారి చెప్పి, అలాగే ఉంచేశాను.

ఇంటికొచ్చి మిగిలిన పచ్చడంతా సింకులో పారబోశాను. పాకం మాత్రం ఒక సీసా మిగిలింది, ముప్పావు లీటరు. దాన్ని పారబొయ్యలేదు. మూత బిగించి బీరువాలో పండగ చీరల వెనక దాచాను. కల్లు మాట నేను మరిచిపోగలను. గీసే చెయ్యి మాట కూడా పోనీ అనుకోగలను. "ఏం పేరో యాదికొస్తలేదు, చానా మందుండిరి" అన్నది మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. వాళ్ళ తోపులో పడి చచ్చిపోయిన మనిషికి వాళ్ళింట్లో పేరు కూడా మిగల్లేదు.

ఈ ఏడు ఫిబ్రవరి చివర్లో మార్గరెట్ ఫోన్ చేసింది. "మీ పెద్దాయన వచ్చాడు, మంచి సూటు వేసుకుని. ఈసారి చెట్లు తనే చూసుకుంటాడట. నువ్వు తన మనిషివని చెప్పాడు. మీ బాబాయా?"

తన మనిషి! మా ఊళ్ళో దొరలు ఆ మాట ఎవరిని పట్టుకుని అంటారో పాపం మార్గరెట్‌కి ఏం తెలుసు. వెట్టికి వచ్చినవాళ్ళని అంటారు.

సంగతి తర్వాత తెలిసింది. బర్చ్ నీళ్ళు ఆరోగ్యానికి మంచివని, లండన్‌లో పెద్ద పెద్ద రెస్టారెంట్లలో గ్లాసుల్లో పోసి ఇస్తున్నారని ఏదో పత్రికలో చదివాడట. అంతే, పోయినేటి కల్లు కాస్తా భూర్జామృతం అయింది. మన ఋషులు రాసుకున్న భూర్జపత్రం ఈ జాతి చెట్టు బెరడేనని వాట్సాప్‌లో రెండు పేజీల వ్యాసం పెట్టాడు. మేయరమ్మని ఉగాదికి పిలిచాడు. "మన చేతులతో తీసిన భూర్జామృత బెల్లంతో ఉగాది పచ్చడి" అని పోస్టరు వేయించాడు. ఈసారి కొట్టు బెల్లం హాలు గడప తొక్కదని కింద చిన్న అక్షరాలు కూడా. నేను చేస్తే గీసే చెయ్యి, ఆయన చేస్తే మన చేతులు.

ఒక్క మాట చెబితే మార్గరెట్ ఆయన్ని గేటు దాటనిచ్చేది కాదు. నేను చెప్పలేదు. "చూసుకోనివ్వండి" అన్నాను.

డ్యూటీ లేని రోజు టీ వంకతో వెళ్ళి చూశాను. రాజారావు, సంఘం వాళ్ళు ఇద్దరు, చేతుల్లో డ్రిల్లు, చాకు. నా చెట్లకి ఒక్కోదానికి నాలుగేసి రంధ్రాలు. నేను మొదట రుచి చూసిన పెద్ద చెట్టుకి ఏడు. ధార తగ్గకుండా ఆ రంధ్రాలని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాకుతో చెక్కుతున్నారు. డబ్బాల లోపల తెల్లగా ఏదో పూసి ఉంది. తమలపాకుల కొట్లో దొరికే సున్నం.

"ఏందమ్మ, చూస్తున్నవా?" అన్నాడు రాజారావు గర్వంగా. "మా తాత తోపుల చూసిన విద్యే. లొట్టికి సున్నం పూస్తే నీరా పులవదు. పొద్దుమాపు గీస్తే ధార తగ్గది. అంతేగద?"

"అంతే సార్, తాటికి అంతే" అన్నాను.

అందులో అబద్ధమేం లేదు. మరి దీనికి, అని ఆయన అడగాలి. అడిగి ఉంటే చెప్పేదాన్నా అంటే, ప్రమాణం చెయ్యలేను. ఏమైనా ఆయన అడగలేదు, దొర మనవడు గీసేవాడి కూతుర్ని ఎందుకు అడుగుతాడు. నేను టీ తాగి, బిస్కట్టు తిని, ఇంటికొచ్చాను. దారి పొడుగునా పాటలు పాడుకున్నాను.

అలా నాలుగు రోజులు ఊరుకున్నాను. రెండు వందల లీటర్లు పట్టుకుని, ఇక చాలనుకుని వాళ్ళు గొట్టాలు పీకి వెళ్ళిపోయారు. ఒక్క రంధ్రమూ మూయలేదు. ఐదో రోజు నేను వెళ్ళేసరికి చెట్లన్నీ కారుతూనే ఉన్నాయి, మొదళ్ళలో నేల బురదయింది. యాభై ఒక్క రంధ్రాలు. అన్నింటికీ మేకులు చెక్కి కొట్టేసరికి చేతులు బొబ్బలెక్కాయి. మనిషితో ఉన్న పంచాయితీ చెట్టు మీద తియ్యకూడదని మా నాన్న అనేవాడు. నేను తీశాను. ఇప్పుడు మే నెల, ఆ పెద్ద చెట్టుకి ఒక పక్కే ఆకు వచ్చింది. ఆ పాపంలో నా వాటా నేను ఎవరి మీదికీ తోసెయ్యను.

ఉగాది సంబరం శనివారం అనగా బుధవారం సాయంత్రం రాజారావు మా తలుపు కొట్టాడు. ఇన్నేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులో బూడిదరంగు ముద్ద.

"ఎంత కాసినా గడ్డ కడ్తలేదమ్మ" అన్నాడు. "గ్యారేజీల మూడు దినాలు కాసిన. రెండొందల లీటర్లకు ఇరవై కిలోలన్న కావాలె గద?"

వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ముందు సున్నం, వెనక మాడు, ఆ తర్వాత ఇంకేం లేదు. నర్సులకి మొహం మామూలుగా పెట్టడం బాగా వచ్చు.

"ఇది పచ్చడిల ఎయ్యనీకి రాదు సార్. మనుషులకు పెట్టొద్దు."

"మరి నీ దగ్గర పోయినేటిది ఏమన్న..." అని నీళ్ళు నమిలాడు. దొరలు నీళ్ళు నమలడం చూడ్డానికి మా అమ్మ బతికి ఉండాల్సింది.

బీరువాలోంచి సీసా తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు దాని మీదే ఉండిపోయాయి. స్టేజీ మీద శాలువా కప్పుతానన్నాడు. కమిటీలో మెంబరుని చేస్తానన్నాడు. మేయరమ్మ పక్కన కుర్చీ అన్నాడు.

"అవేం వద్దు సార్. పోయినేడు మీకు మా నాయిన పేరు యాదికి రాలేదు. ఈసారి అదే మైకుల, అందరి ముందట, మర్యాదగ చెప్పాలె. మీరు పేరు చెప్పినంక నేను సీసా మూత తీస్త."

ఆయన మొహం తేలికపడింది. "గింతేనా? రాసియ్యమ్మ, చదువుత."

'పంజాల సాయిలు గారు' అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎన్నడూ వినని పేరు చదువుతున్నట్టు, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ చదవడం నేను చచ్చేదాకా మరవను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆయన వెళ్ళాక మనోజ్ నవ్వాడు. "తీపి పెట్టి పగ తీర్చుకునుడు నీ దగ్గర్నే చూసిన" అన్నాడు. నాకు మాత్రం చాలా తృప్తిగా ఉంది. పేరు పలికితే చాలు, నిజంగా చాలనే అనుకున్నాను. పాకం కూడా మనస్ఫూర్తిగానే ఇద్దామనుకున్నాను.

శనివారం పొద్దున పదకొండింటికి హాలు నిండిపోయింది. లాస్య రానంది, బతిమాలితే వచ్చి చివరి వరసలో కూర్చుంది. స్టేజీ మీద పెద్ద గిన్నె. అందులో వేపపువ్వు, చింతపండు పులుసు, మామిడి ముక్కలు, ఉప్పు, కారం, తీపి తప్ప అన్నీ కలిపి ఉన్నాయి. నేను సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను. రాజారావు మైకు తీసుకుని ఋషులతో మొదలుపెట్టి, అమృతం మీదుగా అసలు మాటకి వచ్చాడు.

"ఈ విద్య ఎనుక ఒక మహానుభావుడున్నడు. మా ఊరి పంజాల సాయిలు గారు!"

చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడాదిగా మండుతున్నది ఒక్కసారి చల్లబడింది. ఆయన అక్కడ ఆగి ఉంటే బతికిపోయేవాడు. కాని చప్పట్లు వినేసరికి ఆయనకి ఊపొచ్చింది.

"ఎడమచేతి సాయిలంటరు ఆయన్ని! పది ఊర్లల్ల ఎడమచేత్తోటి గీసేటోడు ఆయనొక్కడే. ఎండకాలం సెలవులకు నేను ఊరికొస్తే, నా కోసం చెట్టెక్కి ముంజలు కొట్టుకొచ్చేటోడు. బొటనేలుతోటి తీసి నా నోట్లె పెట్టేటోడు. 'మెల్లగ చిన్నదొరా, మెల్లగ' అనేటోడు. యాభై ఏండ్లయినా గా రుచి మర్వలే!"

కాగితం ఆయన జేబులోంచి బయటికి రాలేదు.

నేను కాగితంలో ఎడమచెయ్యని రాయలేదు. ముంజల సంగతి నాకే తెలియదు. అంటే ఆయనకి ఇవన్నీ ఎప్పుడూ గుర్తే. పోయినేడు నేను ఊరి పేరు చెప్పగానే మా నాన్న ఆయన కళ్ళముందు నిలబడే ఉంటాడు, పేరుతో సహా, ఆ బొటనవేలుతో సహా. అన్నీ గుర్తుండి, 'యాదికొస్తలేదు, చానా మందుండిరి' అన్నాడు. మొన్న మా ఇంట్లో కళ్ళజోడు పెట్టుకుని కొత్తపేరులా కూడబలుక్కుని చదివాడు. మరిచిపోయినవాణ్ణి క్షమించొచ్చు. ఆ చేత్తో ముంజలు తిని పేరు మింగినవాణ్ణి ఏం చెయ్యాలి?

"రామ్మ నాగేశ్వరీ, అమృతం పొయ్యి!" అని చెయ్యి చాపాడు.

"పోస్త సార్. కాని మా ఇండ్లల్ల ఒక ఆనవాయితుంది. కొత్తది ఎవ్వలు నోట్లె పెట్టకముందు, నేలకు, పోయినోళ్ళకు సాక పొయ్యాలె."

"పొయ్యాలె, పొయ్యాలె!" అని ఆయన మేయరమ్మ వైపు తిరిగి, ఇది మా ప్రాచీన సంప్రదాయమని, ముందు భూమాతకి సమర్పిస్తామని ఇంగ్లీషులో వివరించాడు. ఆమె ముచ్చటపడి లేచింది. ఆమె లేచేసరికి అందరూ లేచారు. నేను స్టేజీ దిగి, పక్క తలుపు తీసుకుని బయటికి నడిచాను. హాలు గోడ పక్కన గడ్డిలో ఒక పడుచు బర్చ్ చెట్టుంది. జనమంతా చుట్టూ చేరారు. రాజారావు తీగలేని మైకు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

మూత తీసి సీసా వంచాను. "నాయినా, ఇది నీదే" అన్నాను.

పాకం నీళ్ళలా పడదు. దారంలా సాగుతూ చెట్టు మొదట్లో నల్లగా మడతలు పడింది. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"చాలమ్మ, సాకంటే నాలుగు చుక్కలు" అన్నాడు రాజారావు. మైకు ఆన్‌లోనే ఉంది, ఆ మాట హాలులోంచి కూడా వినపడింది.

నేను సీసా ఎత్తలేదు.

"చాలు, చాలు. ఏయ్, పచ్చడికి కావాలె!" సీసా సగమైంది. "నాగేశ్వరీ!"

ముప్పావు లీటరు చిక్కటి పాకం ఒక ఇరుకు మూతిలోంచి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా చూశారా? నేను వార్డులో డ్రిప్పు చూసినట్టు నిమ్మళంగా చూస్తూ నిలబడ్డాను. చెయ్యి పట్టుకుని ఆపుదామంటే ఆయన పక్కనే మేయరమ్మ ఉంది, ఎదురుగా అన్ని ఫోన్లున్నాయి, పైగా అది ప్రాచీన సంప్రదాయమని ఇప్పుడే ఆయనే చెప్పాడు. ఆఖరి బొట్టు రాలేదాకా ఎవరూ కదల్లేదు.

"సాయిలు పేరు మీకు పోయినేడు గూడ ఎరికే సార్" అన్నాను. ఆయన చేతిలో మైకు ఉంది కాబట్టి నేను అరవాల్సిన పని లేకపోయింది. "ఎడమచెయ్యని నేను కాయితంల రాయలే. ముంజలు తిన్నది మీరు, పేరు మరిచిపోయినట్టు నటించింది మీరు. మూత తీస్తనన్న, తీసిన. ఇగ మీ పచ్చడి మీరు పంచుకోండ్రి."

ఆయన నోరు తెరిచాడు, మైకులో గాలి తప్ప ఏమీ వినపడలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా నాన్న ఊరికే అనలేదు. ఆ తర్వాతి సంగతి నేను చూడలేదు, విన్నాను. అధ్యక్షుడు కాబట్టి మొదటి కప్పు ఆయనే తినాల్సి వచ్చిందట. వేపపువ్వు, చింతపండు, కారం. కొట్టు బెల్లం వద్దని పోస్టరు మీద వేసుకున్నది ఆయనే కదా. ప్రభావతి వంటింట్లోకి పరిగెత్తి, టీ కోసం పెట్టిన చక్కెర పొట్లాలు చింపి చింపి పోసిందట. మేయరమ్మ మర్యాదకి ఒక చెంచా తిని మంచినీళ్ళు అడిగిందట. నాకు ఆ కబురు పానకంలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది, నేనేం మారిపోలేదు.

కారులో లాస్య నా పక్కన కూర్చుంది. నేను కారు నడుపుతున్నాను, మొహం వెలిగిపోతోంది. కూతురు మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. అది తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ చూసుకుంటోంది.

"తాతది ఎడమచెయ్యా?" అంది ఇంగ్లీషులో.

"అవును."

"అయితే ఇది ఆయనదే." చెయ్యి ఎత్తి చూపించింది. "నువ్వు దీని మీద గరిటతో కొట్టేదానివి, మ్యామ్."

నా మొహంలో వెలుగు దిగిపోయింది. లాస్య గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది.

"అతను పేరు తెలిసి దాచాడని అందరి ముందూ కడిగేశావు. బాగానే చేశావు. కాని నీకూ తెలుసు కదా. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. మా తాత పేరు నేను మొదటిసారి అతని నోట విన్నాను."

నేను కారు పక్కకి తీసి ఆపాను. ఏడాదంతా రాజారావు మీద పోసిన పగలో సగం నా వాటా అని నాకు అప్పుడు తెలిసింది. ఆయన ఒక్కసారి, ఒక్క మైకులో దాచాడు. నేను నా ఇంట్లో, నా బిడ్డ దగ్గర, దాని చేతి మీద కొట్టి మరీ పద్దెనిమిదేళ్ళు దాచాను. ఆ పెద్ద చెట్టుకి వేసినట్టు దీనికి మేకు వేసి మూసే వీలు కూడా లేదు.

"పంజాల సాయిలు" అన్నాను. "మీ తాత పేరు పంజాల సాయిలు. కల్లు గీసేవాడు."

లాస్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అటే చూస్తూ, ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, "ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాను.